గర్భిణి ఉన్న ఇంటికి ముందు రండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ, పంచాయతీరాజ్ శాఖ, పురపాలక శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా మలేరియా అధికారులకు,

నమస్కారం.

నేను పడమటి కర్నూలు పల్లెల్లో 33 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుగా, పనిచేసి 2023లో రిటైరయ్యాను. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు చాలా ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరు ఏ నెలలో కడుపుతో ఉన్నారో నోటికి చెప్పగలిగేదాన్ని. డెంగీ, చికున్ గన్యా, జికా తెచ్చే దోమ నుంచి గర్భిణుల్ని కాపాడటానికి ఒక్క విషయం అడుగుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. గర్భిణుల పట్టిక మీ దగ్గర ఒక ఆఫీసులో ఉంటుంది. దోమ లార్వా, అంటే నీళ్లలో ఉండే దోమ పిల్ల పురుగు, వెతికే మనుషులు ఇంకో ఆఫీసు కింద ఉంటారు. దోమల పొగ కొట్టే ఫాగింగ్ మిషన్ పంచాయతీ దగ్గరో మునిసిపాలిటీ దగ్గరో ఉంటుంది. ఈ మూడూ ఒక గర్భిణి ఇంటి ముందు కలుసుకోవడం నా సర్వీసులో నేను చూడలేదు, నేనే ఫోన్ చేసి పిలిపించుకున్న ఒక్కసారి తప్ప. వాటిని కలపండి. ఎందుకు ఇంతగా అడుగుతున్నానో చెప్పడానికి కొంచెం పొడుగ్గా రాయాల్సి వస్తోంది, ఓపిగ్గా చదవండి.

2019 సెప్టెంబరులో నా సబ్ సెంటర్ ఊరికి ఒక అమ్మాయి పురిటికని పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల, తొలి కాన్పు. సీమంతం చేసి పంపారు. తన పేరు అత్తవారి ఊళ్లో నమోదైంది కాబట్టి అక్కడి ఏఎన్ఎం రిజిస్టర్లో ఉంది, నా రిజిస్టర్లో లేదు. ఆమె వచ్చిన 12 రోజుల దాకా నాకు తెలియదు. అంతలో జ్వరం వచ్చింది. మొదటి రోజు మెడికల్ షాపు మాత్ర. రెండో రోజు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది. ఒళ్లు నొప్పులు తగ్గడానికి వాళ్లు మామూలుగా వేసే డైక్లోఫెనాక్ అది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆ మందు, బ్రూఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వాలి. నాలుగో రోజు జ్వరం దిగింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఐదో రోజు పొద్దున వాంతులు, కడుపునొప్పి, ఒకచోట కుదురుగా పడుకోలేకపోవడం. నొప్పులు మొదలయ్యాయేమో అనుకుని అప్పుడు నాకు కబురు పెట్టారు.

బీపీ చూస్తే 90/60. కడుపుతో ఉన్నవాళ్లకి బీపీ కొంచెం తక్కువగా ఉండటం మామూలే అని నా మనసు ఒక్క క్షణం సర్దిచెప్పుకుంది. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. 108లో తాలూకా ఆస్పత్రికి, అక్కణ్నుంచి పెద్దాస్పత్రికి వెళ్లేసరికి బిడ్డ గుండె చప్పుడు లేదు. తల్లి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడింది.

తర్వాత ఆ ఇంటికి వెళ్లాను. ఎండ తగలకూడదని, గాలి సోకకూడదని వాళ్లమ్మ ఆ పిల్లని పగలంతా మూలగదిలో పడుకోబెట్టింది. ఆ గది గోడకి ఆనుకునే సిమెంటు తొట్టి. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే ఊరు, నింపుకోక ఏం చేస్తారు. టార్చి వేసి చూస్తే నీళ్లలో పురుగులు తోకలాడిస్తూ కిందికీ పైకీ తిరుగుతున్నాయి. అంతకు పది రోజుల ముందే మలేరియా టీమ్ ఆ ఊరికి వచ్చి పెద్ద వీధంతా ఇల్లిల్లూ చూసి వెళ్లింది. ఈ సందులోకి రాలేదు. ఆ టీమ్‌లో పనిచేసే అతను నాకు బాగా తెలిసినవాడే, మంచి పనివాడు. ఎందుకు రాలేదయ్యా అని అడిగాను. "ఈడ కడుపుతో ఉండే పిల్ల ఉండాదని మాకెవురు చెప్పినారు మేడం?" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అతని తప్పు లేదు. నాకే తెలియనప్పుడు నేను అతనికి ఏం చెప్పగలను?

డెంగీ గురించి మన ప్రచారం అంతా ప్లేట్‌లెట్ల చుట్టూ తిరుగుతోంది. గర్భిణుల విషయంలో అంతకంటే ముందు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మామూలు మనిషిలో డెంగీని పట్టించే గుర్తుల్లో చాలావాటిని గర్భం దాచేస్తుంది. గర్భంలో రక్తం పలచబడుతుంది, కాబట్టి రక్తం చిక్కబడుతోందని చెప్పే పరీక్ష ఆలస్యంగా మారుతుంది. తెల్లకణాలు గర్భంలో మామూలుగానే ఎక్కువ ఉంటాయి, కాబట్టి డెంగీలో అవి పడిపోయినా నార్మల్‌గా ఉన్నట్టు కనిపిస్తాయి. నాడి వేగంగా కొట్టుకోవడం, బీపీ తగ్గడం, వాంతులు, నీరసం, ఇవన్నీ కడుపుతో ఉన్నప్పుడు ఉండేవే అనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు కూడా కొందరికి గర్భంలో కొంచెం తగ్గుతాయి. అందుకే డెంగీ ముదిరేదాకా డాక్టర్‌కే తెలియకపోవచ్చు, ఇంక నాలాంటి ఏఎన్ఎంకి ఏం తెలుస్తుంది?

ఇంకో మోసం ఉంది. జ్వరం దిగిన రోజే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి మనిషి షాక్‌లోకి వెళ్లొచ్చు. మా ఊళ్లలో జ్వరం దిగితే తలస్నానం చేయించి పని అయిపోయిందనుకుంటారు. ఆ రోజే ఆస్పత్రిలో ఉండాల్సిన రోజు.

కడుపులో బిడ్డకి ఏమవుతుందో కూడా చెప్పాలి. నెలలు నిండకుండా కాన్పు కావడం, బరువు తక్కువగా పుట్టడం, గర్భస్రావం, కడుపులోనే బిడ్డ పోవడం, కాన్పులో రక్తం ఆగకపోవడం, ఇవన్నీ డెంగీ వచ్చిన తల్లుల్లో ఎక్కువ. బ్రెజిల్‌లో 2006 నుంచి 2012 దాకా రికార్డులు చూస్తే డెంగీ లక్షణాలు వచ్చిన గర్భిణులకి మృతశిశువు పుట్టే అవకాశం దాదాపు రెండింతలు, తీవ్రమైన డెంగీ వచ్చినవాళ్లకి సుమారు ఐదింతలు ఉన్నట్టు తేలింది. కాన్పుకి దగ్గర్లో జ్వరం వస్తే వైరస్ బిడ్డకి కూడా పాకొచ్చు. పుట్టినప్పుడు బాగానే ఉన్న పసికందుకి కొన్ని రోజుల్లో జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు.

ఇక్కడే బొప్పాయి ఆకు సంగతి కూడా చెప్పాలి. కడుపుతో ఉన్న పిల్లకి బొప్పాయి కాయ ముట్టనివ్వని పెద్దవాళ్లే, డెంగీ అనగానే బొప్పాయి ఆకు రసం దంచి తాగించడం నేను కళ్లారా చూశాను. గర్భిణులకి ఆ రసం క్షేమమని ఎక్కడా రుజువు కాలేదు. వాంతులవుతున్న పిల్లకి ఆ చేదు తాగిస్తే ఉన్న నీరు కూడా పోతుంది. తాగించాల్సింది ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు. మీ పోస్టర్ల మీద ఈ ఒక్క వాక్యం వేయించండి.

ఇప్పుడు 2006కి వెళ్తాను. 2005 చివర్లో మన రాయలసీమలో మొదలైన చికున్ గన్యా మరుసటి ఏడాదికి దేశంలో చాలా రాష్ట్రాలకి పాకింది. 2006లో దేశంలో 13.9 లక్షల అనుమానిత కేసులని లెక్క తేలింది. ఊళ్లకి ఊళ్లు నడుం వంచుకుని గోడలు పట్టుకు నడిచిన రోజులు అవి. పొలాలకి పోయేవాళ్లు లేరు, బడికి పోయే పిల్లలు లేరు. ఆ రోజుల్లో జ్వరంతోనే కాన్పుకి వచ్చిన తల్లులు ఉన్నారు. బిడ్డ చక్కగా ఏడ్చింది, పాలు తాగింది, ఇంటికి పంపేశాం. మూడో రోజో నాలుగో రోజో కబురు వచ్చేది. బిడ్డ పాలు పట్టడం లేదు సిస్టర్, ఒళ్లు కాలిపోతోంది, ముక్కు మీద నల్లగా మచ్చలు వచ్చాయి, చేతులు కాళ్లు వాచాయి, ముట్టుకుంటే కెవ్వుమంటోంది అని. నేను రిజిస్టర్లో "పసికందుకి జ్వరం" అని రాశాను. నాకు తెలిసింది అంతే. దిష్టి తగిలిందన్నవాళ్లూ ఉన్నారు, తల్లి పథ్యం చెయ్యలేదన్నవాళ్లూ ఉన్నారు. తల్లులు ఆ మాటలు పడ్డారు.

అదే సమయంలో హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే చిన్న ఫ్రెంచి దీవిలో జనాభాలో మూడో వంతు మందికి ఇదే గన్యా వచ్చింది. అక్కడి డాక్టర్లు కాన్పు సమయంలో రక్తంలో వైరస్ ఉన్న 39 మంది తల్లుల్ని గమనిస్తే 19 మంది బిడ్డలకి సోకింది. దాదాపు సగం. సిజేరియన్ చేసినా తప్పలేదు. ఆ బిడ్డలంతా పుట్టినప్పుడు బాగానే ఉన్నారు, తర్వాత కొద్ది రోజుల్లో పడిపోయారు. కొందరికి మెదడు వాచింది, వాళ్లలో కొందరికి జీవితాంతం మిగిలే లోపాలు వచ్చాయి. గర్భం తొలి నెలల్లో, మధ్య నెలల్లో జ్వరం వచ్చి తగ్గిపోయిన తల్లుల బిడ్డలకి మాత్రం చాలావరకు ఏమీ కాలేదు. అంటే ప్రమాదం కాన్పుకి ఆ ముందూ వెనకా రోజుల్లో ఉంది. ఈ సంగతి 2008లో ప్రచురించారు. నాకు తెలిసేసరికి ఇంకో పదేళ్లు పట్టింది, అదీ ఒక ట్రైనింగ్‌లో ఒక డాక్టరమ్మ మాటల్లో మాటగా చెబితే. ముక్కు మీద మచ్చ అని ఆమె అనగానే నాకు 2006 బిడ్డలు కళ్ల ముందు కదిలారు. వాళ్లకి ఇప్పుడు ఇరవై ఏళ్లు అటూ ఇటుగా ఉంటాయి. వాళ్లలో ఎంతమందికి చదువు అబ్బలేదో, ఎంతమందికి ఫిట్స్ వస్తున్నాయో మనం ఎవరమూ లెక్క పెట్టలేదు.

జికా పేరు ఎత్తితే మా వైపు చాలామంది అది విదేశీ జబ్బు అనుకుంటారు. ఆ వైరస్‌ని 1947లో ఉగాండాలో జికా అడవిలో ఒక కోతి రక్తంలో కనిపెట్టారు. చాలా ఏళ్లు దాన్ని పెద్ద జబ్బుగా ఎవరూ చూడలేదు. 2015లో బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో తల మరీ చిన్నగా ఉన్న బిడ్డలు వరసగా పుట్టడం మొదలయ్యాక ప్రపంచానికి మెలకువ వచ్చింది. ఆ తల్లుల్లో చాలామంది కడుపుతో ఉన్న తొలి నెలల్లో ఒళ్లంతా దద్దుర్లు, కొద్దిపాటి జ్వరం వచ్చి పోయిందని చెప్పారు. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆత్యయిక పరిస్థితి ప్రకటించింది. ఆ ప్రాంతం గురించి చదివినప్పుడు నాకు మా ఊళ్లే గుర్తొచ్చాయి. అక్కడా కరువు నేల, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక పేదలు డ్రమ్ముల్లో, తొట్టెల్లో పట్టి పెట్టుకునేవాళ్లు.

మన దేశంలో మొదటి కేసుల సంగతి 2017లో బయటికొచ్చింది. అహ్మదాబాద్ బాపూనగర్‌లో ముగ్గురు. వాళ్లలో ఒకరు గర్భిణి, ఒకరు అప్పుడే కాన్పయిన బాలింత. 2018లో జైపూర్‌లో పెద్ద ఎత్తున వచ్చింది. 2021లో కేరళలో బయటపడిన మొదటి కేసు తిరువనంతపురం జిల్లా పారశ్శాలకి చెందిన 24 ఏళ్ల గర్భిణి. అదే ఏడాది కాన్పూర్. 2022 డిసెంబరులో కర్ణాటకలో మొదటి కేసు ఎక్కడ వచ్చిందో మీకు తెలుసు, మా మంత్రాలయం నుంచి తుంగభద్ర దాటితే వచ్చే రాయచూరు జిల్లాలో, ఐదేళ్ల పాపకి. రోజూ బస్సులు తిరిగే దూరం అది. దోమకి సరిహద్దు చెక్‌పోస్టు లేదు. 2024లో పుణెలో గర్భిణులకి వరసగా వచ్చాక, కేంద్ర ఆరోగ్య శాఖ ఆ జూలై 3న అన్ని రాష్ట్రాలకీ రాసింది. జికా వచ్చిన ప్రాంతాల్లో గర్భిణులకి పరీక్ష చెయ్యమని, సోకినవాళ్ల కడుపులో బిడ్డ ఎదుగుదలని గమనించమని, ఆస్పత్రి ఆవరణలో దోమ లేకుండా చూడటానికి ఒక నోడల్ అధికారిని పెట్టమని. ఆ ఉత్తరం మన సబ్ సెంటర్ల దాకా ఏ రూపంలో చేరిందో దయచేసి ఒకసారి అడిగి చూడండి.

బ్రెజిల్‌లో లాగా ఇక్కడ వందలమంది బిడ్డలు తల చిన్నగా పుట్టలేదు, నిజమే. అందుకని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గర్భంలో జికా సోకిన తల్లుల బిడ్డల్లో దానికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది కనిపించేది 5 నుంచి 15 శాతం మందిలో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఎక్కువమంది బిడ్డలు బాగానే పుడతారు. ఈ మాట కూడా తల్లికి చెప్పాలి, లేకపోతే టెన్షన్‌తో చచ్చిపోతుంది. కానీ జికా సోకినవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. అలాంటప్పుడు మనకి దొరికే ఆధారం బిడ్డ తల కొలత. నెలలు నిండి పుట్టిన మగబిడ్డ తల చుట్టుకొలత 31.9 సెంటీమీటర్ల కంటే, ఆడబిడ్డది 31.5 కంటే తక్కువగా ఉంటే గమనించాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలత. దీనికి కావాల్సింది టైలరు దగ్గర దొరికే లాంటి ఒక టేపు, సరిగ్గా పట్టి కొలిచే ఒక నిమిషం. నేను చూసిన లేబర్ రూముల్లో బరువు తూచకుండా బిడ్డని పంపరు. తల కొలత గడి మాత్రం చాలాసార్లు అందాజుగా నింపేస్తారు. నేనూ నింపాను. ఇప్పుడు బాధపడుతున్నాను.

ఇంక దోమ దగ్గరికి వస్తే, ఈ మూడు జబ్బులూ ముఖ్యంగా ఒకే దోమ తెస్తుంది. కాళ్ల మీద తెల్ల చారలుండే ఏడిస్. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, మళ్లీ పొద్దు వాలే ముందు. మురుక్కాలువలో పుట్టదు, మన ఇంట్లో మంచినీళ్లలో పుడుతుంది. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు. నీళ్లు ఎండిపోయినా గుడ్లు తొట్టి గోడకి అంటుకుని నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, గోడలు పీచుతో రుద్ది కడగాలి. చీకటి మూలల్లో, వేలాడే బట్టల వెనక, మంచం కింద దాక్కుంటుంది. పుట్టిన చోటు నుంచి రెండు మూడు వందల మీటర్లు దాటి పోవడం తక్కువ.

మన ఆచారాలు ఈ దోమకి ఎంత అనువుగా ఉన్నాయో ఆలోచించండి. నెలలు నిండిన పిల్లని పగలు చీకటి గదిలో పడుకోబెడతాం. బాలింతని, బిడ్డని తలుపులు కిటికీలు మూసిన గదిలో ఉంచుతాం. దోమతెర మాత్రం రాత్రి కడతాం, పొద్దున్నే ఎత్తేస్తాం. మలేరియా దోమ రాత్రి కుట్టేది కాబట్టి మనం తరతరాలుగా అలా నేర్చుకున్నాం. 1897లో మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినప్పటి నుంచి మన శాఖలు, మన శిక్షణ, చివరికి మన అధికారి హోదా పేరు కూడా మలేరియాదే. గర్భిణులు పడుకునే మంచానికి పగలు దోమతెర కట్టమని చెప్పే పోస్టర్ నా సర్వీసులో ఒక్కటి చూడలేదు. ఆస్పత్రి మెటర్నిటీ వార్డుల్లో కూడా పగటి తెరలు లేవు. కొన్ని వార్డుల్లో కూలర్ కింద నీళ్లు నెలల తరబడి మార్చరు.

గాంబియాలో చేసిన ఒక పరిశోధనలో గర్భిణుల దగ్గరికి మామూలు ఆడవాళ్ల కంటే రెండింతల దోమలు వచ్చాయని చూశారు. కడుపు దగ్గర ఒంటి వేడి ఎక్కువ, ఊపిరి ఎక్కువగా వదులుతారు. అది మలేరియా దోమల మీద చేసిన పరిశోధన. కానీ ఊపిరినీ ఒంటి వేడినీ వెతుక్కుంటూ వచ్చే గుణం ఏడిస్‌కీ ఉంది.

ఇదంతా తెలిశాక నాకు తోచిన మాట ఒక్కటే. ఈ దోమ ఎక్కువ దూరం పోదు కాబట్టి, ఊరంతా ఒకేసారి దోమ లేకుండా చెయ్యలేకపోయినా, గర్భిణి ఇల్లు, ఆ చుట్టూ పాతిక ముప్పై ఇళ్లు వారం వారం చూడటం మన చేతిలో ఉన్న పని. ఒక సబ్ సెంటర్ పరిధిలో ఒక సమయంలో గర్భిణులు మహా అయితే కొన్ని పదులమంది ఉంటారు. వాళ్ల పేర్లు, ఇంటి నంబర్లు, కాన్పు తేదీలు ఆశ కార్యకర్త డైరీలో రాసి ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఎక్కించి కూడా ఉన్నాయి. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, అని ఊరంతా మైకు పెట్టి చెబుతున్నాం కదా, ఆ శుక్రవారం మొదటి తలుపు గర్భిణి ఇంటిది కావాలి. ఆశ ఇచ్చిన పట్టిక గురువారం సాయంత్రానికి మలేరియా సిబ్బంది ఫోన్‌కి చేరాలి. తొట్టిలో పురుగుని చంపే అబేట్ మందు వేశారా, మూత ఉందా, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేశారా, మేడ మీద ట్యాంకు చూశారా అని ఆ ఇంటి పేరు మీదే రాసుకోవాలి. ఫాగింగ్ పొగ ఎగిరే దోమని చంపుతుంది, నీళ్లలో పురుగుని చంపదు. ఫోటోకి పొగ బాగుంటుంది కానీ ఆ డబ్బులో సగం ఈ ఇళ్ల మీద పెట్టినా ఫలితం ఎక్కువ.

పట్టికలో ఒక పెద్ద రంధ్రం ఉంది, దాన్ని పూడ్చకపోతే ఇదంతా వృథా. ఏడో నెల, తొమ్మిదో నెల వచ్చేసరికి మన ఆడపిల్లలు పుట్టింటికి పోతారు. అంటే డెంగీ, గన్యా తల్లికీ బిడ్డకీ ఎక్కువ చెరుపు చేసే రోజుల్లో ఆమె నమోదైన ఊళ్లో ఉండదు. నమోదు చేసేటప్పుడే పుట్టింటి ఊరు, వాళ్లమ్మ ఫోన్ నంబరు రాయించండి. ఆమె బయల్దేరే రోజే ఆ ఊరి ఏఎన్ఎంకి, ఆ ఊరి మలేరియా సిబ్బందికి మెసేజ్ వెళ్లాలి. మా పడమటి మండలాల్లో ఇంకో కష్టం ఉంది. పంట అయిపోగానే కుటుంబాలు కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, కర్ణాటకకి, తెలంగాణకి పత్తి తీయడానికి. కడుపుతో ఉన్నవాళ్లూ పోతారు, పోక తప్పదు. పొలం గట్టున టార్పాలిన్ గుడారంలో డ్రమ్ము నీళ్ల పక్కన పడుకుంటారు. వాళ్ల కార్డు సంచిలో ఉంటుంది, వాళ్లు మాత్రం ఏ పట్టికలోనూ ఉండరు. వాళ్లు వెళ్లి దిగిన ఊరి సిబ్బంది ఆ గుడారాల్లో గర్భిణి ఉందా అని మొదట అడగాలని ఉత్తర్వు ఇవ్వండి.

జ్వరం వచ్చిన గర్భిణి విషయంలో ఒక నియమం పెట్టండి. మొదటి రోజే పీహెచ్‌సీకి రావాలి, 102 బండి పంపాలి, రక్త పరీక్ష ఆ రోజే కావాలి. డెంగీని పట్టడానికి జ్వరం తొలి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 రక్త పరీక్ష, తర్వాత ఐజీఎం పరీక్ష చెయ్యాలి. మొదటి రోజు నెగెటివ్ వచ్చిందని ఇంటికి పంపి మర్చిపోవద్దు. రోజూ రక్తకణాలు లెక్కించాలి, జ్వరం దిగాక రెండు రోజులు మంచం ఇచ్చి ఉంచాలి. సెలైన్ ఎంత ఎక్కించాలో తెలిసిన డాక్టర్ ఉన్న చోటికి పంపాలి, ఎందుకంటే తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. రక్తస్రావం లేకపోయినా కేవలం అంకె చూసి ప్లేట్‌లెట్ల కోసం అర్ధరాత్రి బంధువుల్ని ఊళ్లు తిప్పడం ఆగాలి. కాన్పు దగ్గర పడినప్పుడు మాత్రం అవి సిద్ధంగా ఉండాలి. కాన్పుకి వచ్చిన ప్రతి తల్లినీ "వారం రోజుల్లో జ్వరం వచ్చిందా?" అని అడగాలి. వచ్చిందంటే ఆ బిడ్డని మూడో రోజు డిశ్చార్జ్ చెయ్యకూడదు, వారం పది రోజులు ఆశ రోజూ వెళ్లి చూడాలి. 2006లో ఈ ఒక్క ప్రశ్న నాకెవరైనా నేర్పి ఉంటే ఆ బిడ్డల్ని నాలుగో రోజుకి ముందే ఆస్పత్రిలో ఉంచేదాన్ని.

నీళ్ల గురించి పంచాయతీరాజ్, పురపాలక అధికారులకి ప్రత్యేకంగా చెబుతున్నాను. తొట్టిలో లార్వా కనిపిస్తే ఇంటి ఆడవాళ్లకి జరిమానా వేస్తామని బెదిరించడం కొన్ని చోట్ల విన్నాను. నాలుగు రోజులకోసారి కుళాయి వదిలి, నీళ్లు నిల్వ పెట్టుకున్నందుకు ఆమెనే తిట్టడం న్యాయం కాదు. గర్భిణులున్న వీధులకి రోజు విడిచి రోజైనా నీళ్లు ఇవ్వండి. అది ఇప్పుడే కుదరకపోతే తొట్టికి సరిపడే మూతో, పైన కట్టడానికి వలో ఇవ్వండి. నెలలు నిండిన పిల్ల తొట్టి వంచి రుద్దలేదు, ఆ పని చెయ్యడానికి మనిషిని పంపండి.

లెక్కల విషయంలో కూడా ధైర్యంగా ఉండండి. ప్రైవేటు ఆస్పత్రిలో అక్కడికక్కడే చేసే కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చిన గర్భిణి, ల్యాబులో చేసే ఎలీసా పరీక్ష చెయ్యలేదన్న కారణంతో మన లెక్కలోకి రాదు. ఆమె బిడ్డ పోతే మృతశిశువు జననం అని రాస్తాం, ఆమె పోతే అవయవాలు పనిచేయడం మానేశాయని రాస్తాం. మాతృమరణాలు, మృతశిశు జననాలు సమీక్షించే ఫారాల్లో "గర్భంలో జ్వరం వచ్చిందా, ఏ నెలలో, ఏ పరీక్ష చేశారు" అన్న గడి పెట్టి తప్పకుండా నింపించండి. ఎక్కువ కేసులు చూపించిన జిల్లాని తిట్టకండి. తిడతారన్న భయంతోనే కింద మేం తక్కువ రాశాం.

ఆ అమ్మాయి 2021లో మళ్లీ కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఈసారి వాళ్లమ్మ నాకు ముందే చెప్పింది. నేను మలేరియా టీమ్‌లో పనిచేసే అతనికి ఫోన్ చేశాను. "పేరు, సందు చెప్పండి మేడం, చాలు" అన్నాడు. మర్నాడే వచ్చి తొట్టి ఖాళీ చేయించి, గోడలు రుద్దించి, రేకు మూత తెచ్చి పెట్టించాడు. ఆ సందులో 28 ఇళ్లు చూశాడు, ఆరు ఇళ్లలో పురుగు దొరికింది. కాన్పయ్యేదాకా ప్రతి శుక్రవారం వచ్చాడు. పగలు కూడా ఆమె మంచానికి తెర కట్టే ఉంచారు. నవంబరులో పాప పుట్టింది, 2.9 కిలోలు. తల కొలిచాను, 33.5.

అతనికి ఆ పని ఎవరూ అప్పగించలేదు, నా ఫోన్ కాల్‌కి వచ్చాడు. నేను రిటైరయ్యాక ఆ ఫోన్ ఎవరు చేస్తున్నారో నాకు తెలియదు. వానాకాలం మొదలయ్యేలోపు దాన్ని ఒక ఉత్తర్వుగా ఇవ్వండి. పైలట్‌గా ఏదైనా ఒక మండలంలో మొదలుపెట్టాలనుకుంటే మా పడమటి మండలాల్లో మొదలుపెట్టండి, ఊరూరూ తిరిగి ఆశ కార్యకర్తలకి నేర్పడానికి నేను వస్తాను. జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం
కర్నూలు జిల్లా